మీకు తెలుసా? పల్లీలతో పచ్చని సలాడ్ డ్రెస్సింగ్

పటాన్‌చెరులో, 1972లో ఏర్పడిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. అక్కడి జన్యు బ్యాంకులో పల్లీల నమూనాలే 15 వేలకు పైగా భద్రంగా ఉన్నాయి! జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థతో కలిసి ఇక్రిశాట్ తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల నూనెలో ఒలీయిక్ ఆమ్లం దాదాపు 80 శాతం. మామూలు పల్లీ నూనెలో అది సగానికి అటూఇటూ. ఒలీయిక్ ఎక్కువుంటే నూనె త్వరగా పాడవదు.

ఇంట్లో చేసే డ్రెస్సింగ్‌కు పల్లీ చేసే మేలు ఇంకోటుంది. నూనె, నిమ్మరసం ఎంత గిలక్కొట్టినా కాసేపటికి విడిపోతాయి. మెత్తగా నూరిన పల్లీలు నూనె బొట్లను పట్టి ఉంచుతాయి, గుడ్డు సొనతో పని లేదు. రెండు గుప్పెళ్ల కొత్తిమీర, గుప్పెడు పుదీనా, రెండు చెంచాల వేయించిన పల్లీలు, ఒక పచ్చిమిర్చి, ఉప్పు, చెంచా నిమ్మరసం, మూడు చెంచాల నూనె, కాసిని చల్లటి నీళ్లు వేసి మిక్సీలో తిప్పితే చాలు. లేత కొత్తిమీర కాడలు పారేయొద్దు, వాటిలోనూ వాసన దండిగా ఉంటుంది.

నూరిన ఆకు నల్లబడటానికి కారణం అందులోని ఎంజైములు. నూరే ముందు ఆకును పది సెకన్లు మరిగే నీళ్లలో ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేస్తే పచ్చదనం నిలుస్తుంది.

జాగ్రత్త ఒకటుంది: పచ్చి వెల్లుల్లి గానీ, పచ్చి ఆకులు గానీ వేసిన నూనెను బయట నిల్వ ఉంచకూడదు. గాలి చొరని నూనెలో బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా పెరగగలదు. అందుకే ఈ డ్రెస్సింగ్‌ను ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో కీరా ముక్కల మీదో, ఉడికించిన శనగల మీదో వేసుకుని పూర్తి చేయాలి.