వనభోజనములు - పగటి దోమ

కార్తీకమాసము రాగానే పల్నాటి కుటుంబములు ఉసిరిచెట్ల నీడకు బయలుదేరును. మాచర్ల వారికి ఎత్తిపోతల చేరువ; నరసరావుపేట వారికి కోటప్పకొండ. వానలు వెనుకబట్టి, పొలములు పచ్చగా ఉండు కాలమది. దోమకును అదియే అదను. "పోవునది పగటిపూట గదా, దోమల భయమేమి?" అని పెద్దలు ధైర్యముతో ఉందురు. ఆ ధైర్యము సగమే నిజము.

దోమలన్నియు ఒకే వేళ కుట్టవు. మలేరియాను మోయు అనాఫిలీస్ రాత్రి కుట్టును. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని చూచినది ఈ దోమ కడుపులోనే. కాలువల ఊటనీరు, వరిమళ్లు దీనికి పుట్టిండ్లు. 1967లో సాగరు కాలువలకు నీరు వదలిన నాటినుండి పల్నాట వీటికి కొదువ లేదు. కనుక పొలములో గుడిసె వేసికొని మిరపకోతకు నిలుచువారు దోమతెర లేనిదే పండుకొనరాదు.

డెంగీని తెచ్చు ఏడీస్ మాత్రము పగటి దోమ. నల్లని కాళ్లపై తెల్లని పట్టెలు దీని గుర్తు. ఉదయమున, పొద్దు వాలు వేళ దీని ఉద్ధృతి హెచ్చు. దీనికి చెరువులు అక్కరలేదు. పారవేసిన కొబ్బరిచిప్పలో నిలిచిన వాననీరు చాలును. గ్రుడ్డు రెక్కల దోమ యగుటకు సుమారు పది దినములు పట్టును. నీరు ఎండినను గ్రుడ్లు నెలల తరబడి చావక, తడి తగిలిన పొదుగును. అనగా కార్తీకమున మనము తోటలో వదలి వచ్చిన చిప్పలు పై వానలకు దోమల తొట్లు కాగలవు! తిరిగి వచ్చునపుడు వానిని ఏరి తెచ్చుట మేలు.

పిల్లలకు చేతులు, కాళ్లు కప్పు లేతరంగు బట్టలు తొడుగవలెను. దోమలను తరుము లేపనమును పెద్దలే పూయవలెను. పిల్లల అరచేతులకు, కండ్ల దాపున పూయరాదు. రెండు నెలలు నిండని శిశువుకు లేపనము వలదు, ఉయ్యాలపై వల చాలును. వేపాకు పొగ కొంతసేపు దోమలను తొలగించును గాని, పసివాని ఊపిరికి అదియు మంచిది కాదు.

వెళ్లివచ్చిన రెండు వారములలో జ్వరము తగిలినచో రక్తపరీక్ష చేయింపవలెను. ఆస్పిరిన్ బిళ్లలు వేయరాదు. డెంగీలో అవి రక్తస్రావమును పెంచును. జ్వరము దిగినదని తల్లిదండ్రులు ఊరట చెందు దినములే ఈ వ్యాధిలో అపాయకరము. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మత్తు - వీనిలో ఏది కనిపించినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.