బొగ్గు అయిపోయాక ఊరి సంగతేంటి?

2018 డిసెంబరు 21న జర్మనీలోని బోట్రోప్ పట్టణంలో, ప్రాస్పర్-హానియెల్ గని నుంచి ఆఖరి బొగ్గుపెళ్లను పైకి తెచ్చి దేశాధ్యక్షుడు స్టైన్‌మయర్ చేతిలో పెట్టారు. ఆ దేశంలో రాతిబొగ్గు తవ్వకం అంతటితో ముగిసింది. నీళ్లు తోడే మోటార్లు మాత్రం ఆగలేదు. ఎప్పటికీ ఆగవు కూడా. వందేళ్లకు పైగా కింద తవ్వుకుంటూ పోవడంతో బోట్రోప్ ఉన్న రూర్ ప్రాంతంలో నేల కుంగింది. కొన్నిచోట్ల ఇరవై మీటర్లకు పైగా దిగిపోయింది. తోడకపోతే ఊళ్లకు ఊళ్లే చెరువులవుతాయి. గనులు వదిలి వెళ్లిన ఈ శాశ్వత ఖర్చుల కోసమే 2007లో ఆర్‌ఏజీ ఫౌండేషన్‌ను ఏర్పాటు చేశారు. ఆఖరి గని మూతపడడానికి పదకొండేళ్ల ముందే, మూత పడ్డాక వచ్చే బిల్లు ఎవరు కట్టాలో తేల్చుకున్నారన్నమాట.

నేల కుంగేటప్పుడు ఏ మునిసిపాలిటీ పొలిమేరా చూసుకోదు. నది కూడా అంతే. ఒక ఊరి మురుగు పక్క ఊరి గడపలోకి వస్తుంది. గని ఒకచోట మూతపడితే అంగళ్లు మరోచోట మూతపడతాయి. ఊరికి పెద్దదై, రాష్ట్రానికి చిన్నదై, ఎవరి చేతికీ పూర్తిగా చిక్కని ఈ మధ్య స్థాయి సమస్యలను పట్టుకోవడం ఒక విద్య. ప్రాంతీయ నిర్వహణ, సుస్థిర ప్రాంతీయాభివృద్ధి పేర్లతో దాన్ని పీజీ స్థాయిలో నేర్పుతున్నారు. మన పిల్లలు జర్మనీ అనగానే మెకానికల్, కంప్యూటర్ సైన్స్ కోర్సుల వైపు చూస్తారు. ఈ చదువు వారి దృష్టికి రావడమే తక్కువ. తెలుగు నేలకు, ముఖ్యంగా సింగరేణి గడ్డకు, అత్యవసరమైన చదువుల్లో ఇదొకటని నా నమ్మకం.

గనుల నడుమ పుట్టిన విశ్వవిద్యాలయం

రూర్‌లో ఒకప్పుడు బొగ్గు, ఉక్కు ఉండేవి గానీ విశ్వవిద్యాలయాలు ఉండేవి కావు. 1957లో జర్మనీ రాతిబొగ్గు రంగంలో దాదాపు ఆరు లక్షల మంది పనిచేసేవారు. మరుసటి ఏడే సంక్షోభం మొదలైంది. చవకగా దొరికే చమురు, దిగుమతి బొగ్గు ముందు అక్కడి లోతు గనులు నిలవలేకపోయాయి. అప్పుడు తీసుకున్న నిర్ణయాల్లో మంచి ఫలితమిచ్చినది చదువు మీద పెట్టుబడి. 1965లో బోకుమ్‌లో, ఆ తర్వాత 1968లో డార్ట్‌మండ్‌లో విశ్వవిద్యాలయాలు వచ్చాయి. గని కార్మికుల పిల్లలు ఊరు దాటకుండా డిగ్రీలు అందుకున్నారు.

ఆ డార్ట్‌మండ్‌లోనే ప్రాంతీయ ప్రణాళిక నేర్పే పెద్ద విభాగం ఉంది. అక్కడ 1984 నుంచి ‘స్ప్రింగ్’ అనే ఎమ్మెస్సీ కోర్సు నడుస్తోంది. బోధన ఇంగ్లిష్‌లోనే. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో ప్రణాళిక పనులు చేసే వారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని తీర్చిదిద్దారు. మొదటి ఏడాది డార్ట్‌మండ్‌లో. రెండో ఏడాది ఘనాలోని కుమాసి, ఫిలిప్పీన్స్‌లోని క్వెజాన్ సిటీ, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ వంటి చోట్ల ఉన్న భాగస్వామ్య విశ్వవిద్యాలయాల్లో. జర్మనీలో నేర్చుకున్నది అక్కడి నేల మీద పనిచేస్తుందో లేదో అక్కడికి వెళ్లే చూసుకోవాలి. ఈ కోర్సులో నాకు బాగా నచ్చింది ఈ ఏర్పాటే.

పాఠాల్లో లెక్కలుంటాయి, మ్యాపులుంటాయి, ఇంటింటి సర్వేలుంటాయి. ఒక లెక్క చూద్దాం. ఒక జిల్లాలో ప్రతి వంద ఉద్యోగాల్లో ఇరవై గనుల్లోనే ఉన్నాయనుకోండి. రాష్ట్రం మొత్తమ్మీద అయితే వందకు రెండే. ఇరవైని రెండుతో భాగిస్తే పది వస్తుంది. దీన్ని లొకేషన్ కోషంట్ అంటారు. ఆ పదిని చూసి పారిశ్రామిక శాఖ ‘మనకు గనుల్లో మంచి పట్టుంది’ అని సంబరపడుతుంది. ప్రాంతీయ నిర్వహణ చదివినవాడు మాత్రం ఉలిక్కిపడతాడు. ఆ ఒక్క రంగం జారితే జిల్లా దేన్ని పట్టుకుని నిలబడుతుందని అడుగుతాడు.

ఒక నదిని బాగుచేయడానికి ముప్పై ఏళ్లు

తరగతి గదిలో చెప్పేదానికి రుజువు కిటికీ బయటే ఉంది. డార్ట్‌మండ్ దగ్గర పుట్టి రైన్‌లో కలిసే ఎంషర్ నది వందేళ్లకు పైగా తెరిచి ఉన్న మురుగు కాలువగా బతికింది. నేల కుంగుతూ ఉంటే భూమిలో వేసిన పైపులు పగిలిపోతాయి. అందుకని మురుగునంతా పైనుంచే పారించారు. నదిని తిన్నగా చేసి, అడుగున కాంక్రీటు పరిచారు. ఈ పనుల కోసమే, టైఫాయిడ్‌తో, వరదలతో విసిగిపోయి 1899లో పట్టణాలు, గనులు, ఫ్యాక్టరీలు కలిసి ఎంషర్‌గెనోసెన్‌షాఫ్ట్ అనే సహకార సంస్థ పెట్టుకున్నాయి. ఎవరు ఎంత మురుగు వదిలితే, ఎవరికి దీనివల్ల ఎంత లాభమైతే, వారు అంత చందా కట్టాలి. రాజ్యాలు మారినా, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగినా ఆ సంస్థ నిలిచింది.

గనులు ఉత్తరానికి జరిగి, కుంగుబాటు ఆగాక, 1992లో నదిని తిరిగి నదిగా చేసే పని మొదలైంది. డార్ట్‌మండ్ నుంచి డిన్స్‌లాకెన్ దాకా 51 కిలోమీటర్ల భూగర్భ మురుగు కాలువ తవ్వారు. మొత్తం ఖర్చు దాదాపు 550 కోట్ల యూరోలు. 2021 చివరికి ఎంషర్‌లోకి మురుగు రావడం ఆగిపోయింది. ముప్పై ఏళ్లలో ఎన్ని ఎన్నికలు వచ్చి ఉంటాయి, ఎందరు మేయర్లు మారి ఉంటారు! అన్ని పార్టీల హయాముల్లోనూ ఒకే పనిని తెగకుండా పట్టుకోగల వ్యవస్థను ఎలా కడతారన్నది ఈ చదువులో అసలు పాఠం. ఇంజనీరింగ్ దాని తర్వాతే.

దీనికి తోడు 1989 నుంచి పదేళ్లు నడిచిన ఐబీఏ ఎంషర్ పార్క్ కార్యక్రమం పదిహేడు పట్టణాలను ఒక్క బల్ల ముందు కూర్చోబెట్టింది. డూయిస్‌బుర్గ్‌లో మూతపడిన ఇనుము కర్మాగారాన్ని కూల్చకుండా జనం తిరిగే పార్కుగా మార్చారు. ఎసెన్‌లోని జోల్‌ఫెరైన్ గని 2001లో ప్రపంచ వారసత్వ స్థలమైంది.

అన్నీ విజయాలే అని చెప్పడం న్యాయం కాదు. బొగ్గు ఉద్యోగాలకు బదులని బోకుమ్‌లో 1962లో ఓపెల్ కార్ల ఫ్యాక్టరీ తెరిచారు. 2014లో అదీ మూతపడింది. ఒక పెద్ద యజమాని పోతే మరో పెద్ద యజమానిని తెచ్చి నిలబెట్టడం మందు కాదని అది నేర్పింది. డార్ట్‌మండ్‌లోని హోర్డెలో ఉక్కు కర్మాగారాన్ని విడదీసి చైనాకు తరలించారు. ఆ జాగాలో 24 హెక్టార్ల ఫీనిక్స్ సరస్సు వచ్చింది. దాని ఒడ్డున ఖరీదైన ఇళ్లు లేచాయి. పాత ఉక్కు కార్మికుల వాడ పక్కనే ఉంది. సరస్సు ఎవరి కోసమన్న ప్రశ్న అక్కడ ఇంకా వినిపిస్తుంది. గెల్సెన్‌కిర్షెన్‌లో నిరుద్యోగం నేటికీ జర్మనీలోనే అత్యధిక స్థాయిలో ఉంటోంది.

ఆరు జిల్లాలు, ఒకే బొగ్గు పొర

ఇదంతా సింగరేణికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1990ల తొలినాళ్లలో కంపెనీలో లక్ష మందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. ఉత్పత్తి మాత్రం తగ్గలేదు, పెరిగింది. ఓపెన్‌కాస్టుల్లో యంత్రాలు తవ్వుతున్నాయి, కాంట్రాక్టు కార్మికులు మోస్తున్నారు. బెల్లంపల్లి, ఇల్లెందు ఒక వెలుగు వెలిగి, బాయిలు మూతపడ్డాక వెలవెలబోయాయి. బాయి పని చేసిన ఇంట్లో కొడుకు ఆశ ఇప్పటికీ తండ్రి స్థానంలో దొరికే డిపెండెంట్ ఉద్యోగం మీదే. ఆ ఆశను తప్పుపట్టలేం. దానికి బదులుగా ఆ కుర్రాడి ముందు మనం ఏం పెట్టామన్నదే బాధ.

ఈ బొగ్గు నేల ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల్లో పరుచుకుంది. ఆరుగురు కలెక్టర్లు, ఒక కంపెనీ, ఎన్నో మునిసిపాలిటీలు, అటవీ శాఖ, మధ్యలో గోదావరి. 2015లో మారిన గనుల చట్టం ప్రకారం పాత లీజులపై రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము జిల్లా ఖనిజ నిధికి చేరాలి. అది ఏ జిల్లాకు ఆ జిల్లాగా ఖర్చవుతుంది. ఒకచోట రోడ్డు, మరోచోట ప్రహరీ. ఆరు నిధులనూ ఒక ఇరవయ్యేళ్ల ఆలోచనతో ముడివేయాల్సిన బాధ్యత ఎవరి కుర్చీకీ లేదు. ఓపెన్‌కాస్టు గోతుల్లో నిలిచే నీళ్లు ఎవరివి? మట్టి గుట్టల మీద ఏం పండించవచ్చు? కార్మికుల క్వార్టర్లు కంపెనీ వెళ్లిపోయాక ఎవరికి చెందాలి? ఇవి ఒక్కోటీ ఒక్కో థీసిస్‌కు సరిపోయే ప్రశ్నలు.

దీనికి డార్ట్‌మండ్ దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ప్రాంతీయ ప్రణాళికలో పీజీ ఉంది. 2008లో ఏర్పడిన విజయవాడ స్కూల్‌లో పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక కోర్సు ఉంది. రూర్‌ను కళ్లారా చూడాలనుకునే వారికి జర్మనీ విద్యా వినిమయ సంస్థ డాడ్ (DAAD) ఇచ్చే ఉపకారవేతనాలున్నాయి. వాటికి సాధారణంగా కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు. నాకైతే ఆ షరతు సబబే అనిపిస్తుంది. గోదావరిఖని మునిసిపల్ ఆఫీసులోనో, మణుగూరులోని ఏదో స్వచ్ఛంద సంస్థలోనో, సింగరేణి పర్యావరణ విభాగంలోనో రెండేళ్లు నలిగినవారు తరగతిలో అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. అలాంటి వారు ఈ ఏడాది దరఖాస్తులు పంపాలి. సింగరేణిలో ఇంకా కొన్ని దశాబ్దాల బొగ్గుంది. బొగ్గు నుంచి బయటపడడానికి రూర్‌కు 1957 నుంచి 2018 దాకా అరవై ఏళ్లు పట్టింది.