పాయింట్లు సమానమైతే ముందెవరు?

లీగ్ ముగిసింది. మూడు జట్లకీ ఒకే పాయింట్లు. సెమీస్‌కి వెళ్లేది ఇద్దరే. ఎవరిని పంపాలి? ఆటల్లో ఈ ప్రశ్నకు జవాబు తొలి మ్యాచ్‌కి ముందే రాసి ఉంటుంది. ఉద్యోగ పరీక్షల మెరిట్ జాబితాలోనూ అంతే. దాన్ని ముందుగా చదివినవారికీ, ఫలితం వచ్చాక చదివినవారికీ చాలా తేడా ఉంటుంది.

కాలేజీ మైదానంలో ఓ కబడ్డీ లీగ్ జరిగిందనుకుందాం. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం.. నాలుగు కాలేజీ జట్లు. ఒక్కో జట్టు మిగతా మూడింటితో ఆడుతుంది. గెలిస్తే 2 లీగ్ పాయింట్లు. ఇది కేవలం లెక్క కోసం చెప్పుకొనే ఉదాహరణ కాబట్టి ఎర్రగొండపాలెం మిత్రులు ఏమీ అనుకోవద్దు!

- మార్కాపురం 8 పాయింట్ల తేడాతో గిద్దలూరుపై గెలిచింది.
- గిద్దలూరు 3 పాయింట్ల తేడాతో కంభంపై గెలిచింది.
- కంభం 5 పాయింట్ల తేడాతో మార్కాపురంపై గెలిచింది.
- ఎర్రగొండపాలెంపై ముగ్గురూ గెలిచారు. మార్కాపురం 4, కంభం 10, గిద్దలూరు 20 పాయింట్ల తేడాతో.

ముగ్గురికీ రెండేసి విజయాలు, నాలుగేసి లీగ్ పాయింట్లు. ఇప్పుడేంటి దారి?

రెండు పద్ధతులు.. రెండు ఫలితాలు

మొదటి పద్ధతి ముఖాముఖి. అంటే సమంగా ఉన్న మూడు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లనే లెక్కలోకి తీసుకోవడం. నాలుగో జట్టుతో ఆడినవి పక్కన పెట్టేస్తారు. అప్పుడు మార్కాపురానికి ప్లస్ 3 (8 లోంచి 5 పోగా), కంభానికి ప్లస్ 2, గిద్దలూరుకు మైనస్ 5 వస్తాయి. మార్కాపురం, కంభం సెమీస్‌కి వెళ్తాయి. గిద్దలూరు ఇంటికి.

రెండో పద్ధతి మొత్తం స్కోరు తేడా. అన్ని మ్యాచ్‌లూ కలుపుతారు. గిద్దలూరుకు ప్లస్ 15, కంభానికి ప్లస్ 12, మార్కాపురానికి ప్లస్ 7. ఇప్పుడు గిద్దలూరే అగ్రస్థానంలో ఉంటుంది. మార్కాపురం ఇంటికి.

ఆడిన మ్యాచ్‌లు అవే, స్కోర్లూ అవే. నిబంధన మారితే మొదటి స్థానం కాస్తా మూడోదైంది. ముఖాముఖిలో గట్టి ప్రత్యర్థులను ఓడించినవారికి విలువ ఎక్కువ. మొత్తం తేడాలో చిన్న జట్టుపైనా చివరి నిమిషం దాకా వదలకుండా ఆడినవారికి లాభం. అందుకే రెండో పద్ధతి ఉన్న టోర్నీలో ‘ఎలాగూ గెలిచాం కదా’ అని చివర్లో రిజర్వు ఆటగాళ్లను దింపేస్తే ఆ నిర్ణయం తర్వాత మెడకు చుట్టుకోవచ్చు.

రెండో స్థానం విలువెంత?

2024 ఐపీఎల్ గుర్తుందా? లీగ్ దశ ముగిసేసరికి సన్‌రైజర్స్ హైదరాబాద్, రాజస్థాన్ రాయల్స్ రెండింటికీ 17 పాయింట్లే. నెట్ రన్‌రేట్‌లో హైదరాబాద్‌కు 0.414, రాజస్థాన్‌కు 0.273. ఆ కాస్త తేడాతో హైదరాబాద్ రెండో స్థానం దక్కించుకుంది. తొలి రెండు స్థానాల జట్లకు ఫైనల్ చేరడానికి రెండు అవకాశాలుంటాయి. హైదరాబాద్ తొలి క్వాలిఫయర్‌లో కోల్‌కతా చేతిలో ఓడింది. అయినా రెండో క్వాలిఫయర్‌లో అదే రాజస్థాన్‌ను 36 పరుగులతో ఓడించి ఫైనల్‌కి వెళ్లింది. టై విడిపోయిన తీరే ఆ రెండో అవకాశాన్ని ఇచ్చింది.

నెట్ రన్‌రేట్ అంటే ఓవర్‌కి మనం చేసిన సగటు పరుగుల్లోంచి, ఓవర్‌కి మనం ఇచ్చిన సగటు పరుగులు తీసేయడమే. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 15 ఓవర్లకే ఆలౌటైనా లెక్కలో 20 ఓవర్లూ ఆడినట్టే పరిగణిస్తారు. తొందరపడి ఔటైతే రెండు విధాలా నష్టం.

గెలిచినా వెనకబడ్డ టెక్సాస్

అమెరికాలో కాలేజీ జట్లను ‘కాన్ఫరెన్స్’లుగా విభజించి లీగ్‌లు ఆడిస్తారు. 2008లో బిగ్ 12 కాన్ఫరెన్స్ ఫుట్‌బాల్‌లో అచ్చం మన కబడ్డీ ఉదాహరణ లాంటిదే జరిగింది. టెక్సాస్ 45-35తో ఓక్లహోమాపై గెలిచింది. టెక్సాస్‌ను టెక్సాస్ టెక్ 39-33తో ఓడించింది. ఆ టెక్సాస్ టెక్‌ను ఓక్లహోమా 65-21తో చిత్తు చేసింది. సౌత్ విభాగంలో ముగ్గురూ సమానం. ముఖాముఖి ఫలితాలు గుండ్రంగా తిరిగాయి కాబట్టి వాటితో తేలలేదు. చివరికి అప్పటి జాతీయ ర్యాంకింగ్స్‌లో ఎవరు ముందుంటే వారేనన్న నిబంధన వర్తించింది. ఓక్లహోమాకు అవకాశం దక్కింది. తమ చేతిలో ఓడిన జట్టే ముందుకెళ్తుంటే టెక్సాస్ అభిమానులు గగ్గోలు పెట్టారు. కానీ నిబంధన ముందే రాసుంది.

నిబంధన నచ్చకపోతే మార్చుకోవచ్చు, అయితే తర్వాతి టోర్నీకే. 2019 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లాండ్, న్యూజిలాండ్ 241 పరుగుల చొప్పున చేశాయి. సూపర్ ఓవర్‌లోనూ పదిహేనేసి. బౌండరీలు 26-17 ఎక్కువున్నాయని ఇంగ్లాండ్‌కు కప్పు ఇచ్చారు. విమర్శలు రావడంతో అదే ఏడాది అక్టోబరులో ఐసీసీ ఆ పద్ధతిని తీసేసింది. కప్పు మాత్రం ఇంగ్లాండ్ దగ్గరే ఉంది.

క్రమశిక్షణా కొలమానమే కావచ్చు. 2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో జపాన్, సెనెగల్‌లకు పాయింట్లు, గోల్స్ తేడా, గోల్స్ అన్నీ సమానమే. వాళ్లిద్దరి మ్యాచ్ కూడా 2-2 డ్రా. జపాన్‌కు 4 పసుపు కార్డులు, సెనెగల్‌కు 6. సెనెగల్ ఇంటిముఖం పట్టింది. రిఫరీతో అనవసరంగా వాదించేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతిది.

కొన్ని ఆటల్లో మళ్లీ ఆడించి తేలుస్తారు. 2019 డిసెంబరులో మాస్కోలో జరిగిన మహిళల ప్రపంచ ర్యాపిడ్ చెస్‌లో కోనేరు హంపి సహా ముగ్గురు సమానంగా నిలిచారు. అదనపు కొలమానంలో ఒకరు మూడో స్థానానికి పరిమితమయ్యారు. హంపి, చైనాకు చెందిన లీ టింగ్‌జీ ప్లేఆఫ్ ఆడారు. బ్లిట్జ్ గేముల్లోనూ తేలకపోతే చివరి ఆర్మగెడాన్ గేమ్‌లో గట్టెక్కి హంపి విజేత అయింది.

ఉద్యోగంతో సంబంధమేంటి?

సూటిగా ఉంది. విశ్వవిద్యాలయాల మధ్య పోటీలను భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) ఆధ్వర్యంలో నిర్వహిస్తారు. చాలా జట్టు క్రీడల్లో చివరి నాలుగు జట్లకు లీగ్ పెట్టి ఒకటి నుంచి నాలుగు స్థానాలు తేలుస్తారు. నాలుగే జట్లు, మూడేసి మ్యాచ్‌లు కాబట్టి టైలకు అవకాశం ఎక్కువ.

కేంద్ర ప్రభుత్వ క్రీడాకోటా నియామకాల్లో ప్రాధాన్య క్రమం ఉంటుంది. అంతర్జాతీయ స్థాయి ఆటగాళ్లు, జాతీయ పోటీల్లో పతకాలు పొందినవారి తర్వాత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మూడో స్థానం వరకు వచ్చినవారిని చూస్తారు. పతకం లేకుండా కేవలం పాల్గొన్నవారు ఆ తర్వాతే. అంటే మూడో స్థానమా, నాలుగో స్థానమా అన్నది ధ్రువపత్రంలో ఒక అంకె మాత్రమే కాదు. స్కోరు తేడాతో మూడో స్థానం జారిపోతే ఉద్యోగ వరసలోనే కిందికి దిగుతారు.

ఆటలు ఆడనివారికీ ఇది వర్తిస్తుంది. రైల్వే ఎన్‌టీపీసీ పరీక్షలో ఇద్దరికి ఒకే మార్కులొస్తే వయసులో పెద్దవారికి ముందు స్థానం. పుట్టిన తేదీ కూడా ఒకటే అయితే ఇంగ్లిష్ అక్షర క్రమంలో పేరు ముందున్నవారికి. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల్లోనూ పెద్దవారికే ప్రాధాన్యం. డిగ్రీ అవగానే 21 ఏళ్లకు పరీక్ష రాసేవారికి ఈ నిబంధన దాదాపు ఎప్పుడూ ఎదురే. పుట్టిన తేదీని మార్చుకోలేం. కాబట్టి కటాఫ్‌తో సమానంగా వస్తే చాలనుకోవద్దు, కాస్తయినా దాటాలి. రైల్వేలో తప్పు జవాబుకు మూడో వంతు, బ్యాంకు పరీక్షల్లో నాలుగో వంతు మార్కు పోతుంది. చివరి నిమిషంలో గుడ్డిగా పెట్టే ఒక్క జవాబు మిమ్మల్ని టైలోకి లాగొచ్చు, టై నుంచి కిందికీ తోసేయొచ్చు.

ఇవి చేయండి

- టోర్నీకి పేర్లు ఇచ్చే రోజే మీ కాలేజీ పీడీని అడిగి, పాయింట్లు సమమైతే ఏ వరసలో తేలుస్తారో నిబంధనల కాపీలో చూడండి. రాతపూర్వకంగా లేకపోతే మొదటి మ్యాచ్‌కి ముందే రాయించండి.
- స్కోరు తేడా లెక్కలోకి వస్తుందంటే ప్రతి మ్యాచ్ స్కోర్‌షీట్ ఫొటో తీసి పెట్టుకోండి. లెక్క తప్పితే చూపించడానికి అదే ఆధారం.
- విశ్వవిద్యాలయం తరఫున ఆడితే ధ్రువపత్రంలో సాధించిన స్థానం స్పష్టంగా ఉందో లేదో అక్కడే సరిచూసుకోండి. కేంద్ర ఉద్యోగాలకు అడిగే ఫారం-3పై విశ్వవిద్యాలయ క్రీడా విభాగాధికారి సంతకం కావాలి. ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం పరిధిలో చదివేవారు కోర్సు పూర్తయ్యేలోగా ఆ పని ముగించుకుంటే తర్వాత గిద్దలూరు నుంచి మళ్లీ మళ్లీ తిరిగే బాధ తప్పుతుంది.
- ఏ ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చినా ఖాళీలు, జీతం చూసి ఆగిపోకండి. మార్కులు సమమైతే ఏం చేస్తారో చెప్పే పేరా వెతికి చదవండి. దరఖాస్తులో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే నింపండి.