మచ్చ వేరు, గీత వేరు: నల్ల కారు మెరుగును గూర్చి

భాషాసాహిత్యాలు బోధించే వారికి కారు రంగుతో పని యేమిటని పాఠకులు కొందరు అడుగవచ్చును. శాస్త్రము ప్రయోగశాల నాలుగు గోడల మధ్యనే ఉండదనీ, చేతిలోని గుడ్డముక్కలో, బకెట్టు నీటిలో కూడా ఉంటుందనీ మా నమ్మకము. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి వెంట, మిర్యాలగూడ రైసు మిల్లుల దారుల వెంట వాటర్ సర్వీసింగు షెడ్లు ఎన్నో కనిపిస్తాయి. మన విద్యార్థులలో సెలవు దినాలలో అక్కడ పనిచేసే వారున్నారు. డెంటింగు, పెయింటింగు వృత్తిగా గల ఇండ్ల నుండి వచ్చిన వారున్నారు. కిస్తులపై కారు తీసుకొని అద్దెకు నడుపుకొనే వారి పిల్లలూ ఉన్నారు. కావున ఈ విషయము మనకు పరాయిది కాదు.

కొత్త నల్ల కారు అద్దము వలె ఉంటుంది. ఏడాది తిరుగకముందే దానిని ఎండలో నిలిపి చూస్తే సాలెగూడు వంటి సన్నని గీతలూ, ఆరిన నీటిచుక్కల తెల్లని మచ్చలూ కనబడతాయి. అప్పుడు యజమాని నింద మొదట పడేది కడిగిన కుర్రవాని మీదనే. నిందించుటకు ముందు కారణము తెలియవలెను. కారణము తెలిస్తే ఆ కుర్రవానికి కూడా తన పనిలో ఒక విద్య ఉన్నదని తెలుస్తుంది.

రెండు మాటల తేడా

మన భాషలో మచ్చ అనే మాట వేరు, గీత అనే మాట వేరు. ఈ విషయమంతా ఆ తేడాలోనే ఉన్నది. మచ్చ అనగా ఉన్న వస్తువు పైన కొత్తగా వచ్చి చేరినది. గీత అనగా ఉన్న వస్తువులో నుండి పోయినది. చేరిన దానిని తీసివేయవచ్చును. పోయిన దానిని తిరిగి తేలేము. చుట్టుప్రక్కల ఉన్న దానిని కూడా ఆ లోతు వరకు తగ్గించి, సమము చేయగలము, అంతే. గీతను చెరిపినామని పెయింటరు అన్నప్పుడు అతడు నిజముగా చేసినది, గీత లేని చోటును కూడా అరగదీయుటయే.

ఎంత వరకు అరగదీయవచ్చును? నేటి కారు రేకు పైన మొదట ప్రైమరు, దానిపై రంగు, ఆపైన పారదర్శకమైన క్లియర్ కోటు అనే పొర ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. ఈ పొరలన్నీ కలిపి సాధారణముగా 100 నుండి 150 మైక్రానుల మందము; అనగా మన నోటు పుస్తకములోని ఒక కాగితము, లేదా ఒకటిన్నర కాగితము. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 40 మైక్రానులు, తల వెండ్రుక మందము కూడా లేదు. కారు మెరుపంతా ఆ పలుచని పొరలోనే ఉన్నది.

నలుపు చేసిన నేరమేమి?

తెల్ల కారు మీద కూడా ఇవే గీతలు పడతాయి. కాని తెలుపు, తనపై పడిన వెలుతురులో చాలా భాగమును అన్ని దిక్కులకు వెదజల్లుతుంది. ఆ వెలుతురు వెల్లువలో గీత నుండి వచ్చే చిన్న మెరుపు కలిసిపోతుంది. నలుపు తనలోకి వచ్చిన వెలుతురును దాదాపు అంతా మింగివేస్తుంది. నునుపైన పైపొర నిట్టనిలువుగా పడిన కాంతిలో నూటికి సుమారు నాలుగు పాళ్ళు మాత్రమే తిప్పి పంపుతుంది. ఆ చీకటిలో ప్రతి గీత అంచూ దీపము వలె మెరుస్తుంది. కాబట్టి నలుపు గీతలను పుట్టించదు, ఉన్నవాటిని దాచదు.

మరొక వింత. ఈ గీతలు సూర్యబింబము చుట్టూ వలయాలుగా తిరిగినట్లు కనబడతాయి. గుండ్రముగా రుద్దినందువల్లనే గుండ్రని గీతలు పడినవని చాలామంది అనుకొంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కులలోను ఉంటాయి. వెలుగు వచ్చే దారికి అడ్డముగా ఉన్నవి మాత్రమే కాంతిని మన కంటికి పంపగలవు, తక్కినవి కనబడవు. కనబడినవన్నీ కలిసి వలయాలుగా తోస్తాయి. ఇంటిలో పాత స్టీలు పళ్ళెమును బల్బు కింద పట్టి కదిలించి చూడండి. వెలుగు ప్రతిబింబము ఎటు జరిగితే వలయాలు కూడా అటే జరుగుతాయి. అవి పళ్ళెమునకు అతుక్కొని ఉన్న గుండ్రని గీతలే అయితే అట్లు జరుగవు కదా!

మన నీరు, మన దుమ్ము

హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, మఠంపల్లి, వాడపల్లి ప్రాంతాలు సున్నపురాతి నేలలు. సిమెంటు కర్మాగారాలు అక్కడ వెలియుటకు అదే కారణము. నాగార్జునకొండ బౌద్ధ శిల్పాలు చెక్కినది కూడా ఈ కృష్ణా లోయలోని సున్నపురాతి పైననే. అటువంటి నేలలో ఊరిన నీరు కాల్షియం బైకార్బొనేటును కరిగించుకొని వస్తుంది. నీటిచుక్క ఎండలో ఆవిరియైనప్పుడు ఆ లవణము బొగ్గుపులుసు వాయువును విడిచి, కాల్షియం కార్బొనేటుగా, అనగా తిరిగి సున్నపురాయిగా మారుతుంది. నీళ్ళు కాచే హీటరు కడ్డీపై పేరుకొనే తెల్లని పొర, కారుపై మిగిలే తెల్లని చుక్క, రెండూ ఒకటే.

ఒక లెక్క చూద్దాము. లీటరు నీటిలో 500 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నవనుకొందాము. త్రాగునీటికి భారతీయ ప్రమాణాలు ఆమోదించిన హద్దు ఇది. వేరు నీరు దొరకని చోట 2,000 వరకు అనుమతి ఉన్నది. లీటరుకు సుమారు 20,000 చుక్కలు. ఒక్కొక్క చుక్క ఆరిపోతూ మిల్లీగ్రాములో నలువదవ వంతు పదార్థమును వదలిపోతుంది. తెల్ల కారుపై కనబడని ఆ అణుమాత్రము నల్ల కారుపై సున్నపుబొట్టు వలె నిలుస్తుంది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన నాటి నుండి ఎడమ కాలువ కింద మన ప్రాంతానికి కృష్ణ నీరు అందుతున్నది. బోరునీటితో పోలిస్తే నదీజలములో కఠినత్వము సాధారణముగా తక్కువ. కాని సర్వీసింగు షెడ్డుకు ఆధారము ఎక్కువగా బోరే.

ఇక దుమ్ము. మిర్యాలగూడ మిల్లులలో ఉప్పుడు బియ్యము కొరకు ఊకను బాయిలర్లలో కాల్చుతారు. నూరు కిలోల ధాన్యములో సుమారు 20 కిలోలు ఊక. అది కాలితే మిగిలే బూడిద సుమారు 4 కిలోలు. ఆ బూడిదలో నూటికి 85 పాళ్ళకు పైగా సిలికాయే, ఇసుకలో ఉండే పదార్థమే. అది రంగుపొర కంటె చాల గట్టిది. మెత్తని పొడిగా కనబడే ఈ బూడిదను పొడిగుడ్డతో తుడుచుట, కంటికి కనబడని గరుకు కాగితముతో రుద్దుటయే. సిమెంటు దుమ్ముకు మరొక గుణమున్నది: తడి తగిలితే గట్టిపడుతుంది. అందుచేత దానిని పొడిగా తుడువరాదు, సగము తడిపి వదలనూ రాదు. ధారాళమైన నీటితో కడిగివేయవలెను.

తొలగించే క్రమము

ముందు మచ్చల పని, తరువాత గీతల పని. కారు నీడలో ఉండవలెను, రేకు చల్లబడవలెను. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న రెంటచింతల ఎండను గూర్చి అందరూ చెప్పుకొంటారు; ఇవతల మన ఎండ కూడా తక్కువది కాదు. కాగిన నల్ల రేకుపై ఏ మందూ నిలువదు. తుడిచేలోగా ఆరి కొత్త మచ్చ అవుతుంది.

ముందుగా పైనుండి క్రిందికి నీటిధారతో దుమ్మును దింపవలెను. తరువాత రెండు బకెట్లు పెట్టుకొనవలెను: ఒకటి షాంపూ నీటికి, రెండవది గుడ్డను జాడించుటకు. ఒకే బకెట్టు అయితే కారు మీది ఇసుక గుడ్డలోకి, గుడ్డలోనిది నీటిలోకి, నీటిలోనిది మరల కారు మీదికి చేరుతుంది. చక్రాలు తుడిచిన గుడ్డ పైభాగమును తాకరాదు. చివర మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో, నీరు తనంతట తాను ఆరకముందే, అద్ది తీసివేయవలెను.

అప్పటికీ పోని తెల్లని చుక్కలకు వంటకు వాడే తెల్ల వెనిగరును సమానమైన మంచినీటిలో కలిపి, గుడ్డను తడిపి, నిమిషము రెండు నిమిషాలు మచ్చపై ఉంచి, వెంటనే బాగా కడగవలెను. వెనిగరులోని ఎసిటిక్ ఆమ్లము సున్నమును కరిగిస్తుంది. త్వరగా పని ముగియవలెనని స్నానాల గదులు కడిగే ఆసిడును వాడేవారున్నారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. మచ్చతో పాటు లోహపు అంచులను, రబ్బరును పాడుచేస్తుంది. అంతకంటె ముఖ్యముగా, దాని ఆవిరి పనివాని ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఒక కారు మెరుపు ఒకరి ఊపిరి కంటె విలువైనది కాదు.

మచ్చను నెలల తరబడి ఎండకు వదలివేస్తే అది పొరలోకి దిగి చిన్న గుంటను చేస్తుంది. వెనిగరుతో తెలుపు పోయినా వలయము మిగిలితే, మచ్చ అప్పుడు గీతల కోవలో చేరినదని తెలుసుకొనవలెను.

గీతలకు మందు పాలిషింగు. ముందు గోరుతో మెల్లగా అడ్డముగా తడిమి చూడవలెను. గోరు ఆగిందంటే గీత చాల లోతు. దాని జోలికి పోరాదు. ఆగకపోతే జానెడు చోట అన్నిటికంటె సన్నని పాలిషుతో ప్రయత్నించి చూడవలెను. సన్నదితో పని జరిగితే ముతక రబ్బింగు కాంపౌండు అవసరము లేదు. మెషీను వాడితే అంచులకు టేపు అంటించవలెను. అంచులపై పొర మరింత పలుచన. ఒకే ఇరుసుపై గిరగిర తిరిగే రోటరీ మెషీను అనుభవము లేని చేతిలో పొరను కాల్చివేయగలదు. తిరుగుతూనే అటునిటు కదిలే డ్యుయల్ యాక్షను మెషీను కొత్తవారికి క్షేమము. పని ముగిసిన తరువాత వాక్సు పూయవచ్చును. వాక్సు సన్నని గీతలను నింపి కొంతకాలము దాచుతుంది, మాన్పదు. కిరసనాయిలు, డీజిలు గుడ్డతో వచ్చే నిగనిగ ఒక్కపూటది. మరునాటికి ఆ జిడ్డుపై దుమ్ము రెట్టింపు పట్టి కొత్త గీతలకు దారి తీస్తుంది.

మెరుపునకు కూడా పొదుపున్నది

ఉర్దూలో సైఖల్ అనే మాట ఉన్నది. కత్తికి, లోహపు అద్దమునకు పెట్టే మెరుగు అని అర్థము. వెనుకటి కాలములో ఉక్కు అద్దాలను మెరుగుపెట్టేటప్పుడు మొదట పడే నిలువు గీత అలిఫ్ అక్షరము వలె ఉంటుందని దానిని అలిఫ్ అనే పిలిచేవారు. మీర్జా గాలిబు ఒక గజలులో ఈ మాట వాడి, తన ఉత్తరములో దాని అర్థమును తానే విప్పిచెప్పినాడు. మెరుగు గీతతోనే మొదలవుతుందని ఆ పనివారికి తెలుసు. ముతక గీతను సన్నని గీతతో, సన్నదానిని అంతకంటె సన్నదానితో మార్చుతూ పోగా, కన్ను పట్టలేని గీతలు మిగిలిన స్థితికే మనము మెరుపు అని పేరు పెట్టినాము.

సూర్యాపేట ప్రక్కన పిల్లలమర్రిలో, కాకతీయుల కాలమున రేచర్ల రెడ్డి నాయకులు కట్టించిన ఆలయాలలోని నల్లరాతి స్తంభాలు ఎనిమిది శతాబ్దాలు దాటినా నునుపును కోల్పోలేదు. కాని రాతికీ కారుకూ ఒక భేదమున్నది. స్తంభము పైనుండి లోపలి దాకా ఒకే రాయి. ఎంత అరిగినా కింద నలుపే. కారు నలుపు కాగితమంత. ఒక్కసారి గట్టిగా పాలిషు చేస్తే రెండు మూడు మైక్రానులు పోవచ్చును. 40 ఉన్నవి కదా, పదమూడు సార్లు రుద్దవచ్చునని లెక్క వేయరాదు. ఎండను తట్టుకొనే శక్తి ఆ పొరకు దాని మందము వలననే. అది సన్నగిలితే తెల్లబారి, పెచ్చులై లేచిపోతుంది. తరువాత మిగిలినది మరల రంగు వేయించుటయే. అద్దెకు కారు నడుపుకొనే వానికి అది కొన్ని దినాల బేరము, ఒక కిస్తు సొమ్ము.

అందుచేత ఏటేటా పండుగకు ముందు గీతలు తీయించుట కంటె, ప్రతి వారము గీత పడకుండ కడుగుట మేలు. రెండవ బకెట్టుకు, నాలుగు మంచి గుడ్డలకు అయ్యే ఖర్చు, ఒక్క పాలిషింగు కూలి కంటె తక్కువ. ఈ ఖర్చు పెట్టవలసినది షెడ్డు యజమాని గాని, చాలీచాలని కూలికి పనిచేసే కుర్రవాడు కాదు. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ ఇచ్చి అద్దము వంటి కారును అడుగుట న్యాయము కాదు.

చివరిగా కమిటీ పెద్దలకు ఒక మనవి. మన రసాయన శాస్త్ర విద్యార్థులచే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలోని కొన్ని బోర్ల నీటిని, కాలువ నీటిని తెప్పించి కఠినత్వము కొలిపించినచో ఖర్చు స్వల్పము, ఫలము ఘనము. ఆ నీరు కారు కడుగుటకే కాదు, ఇండ్లలో వంటకు, త్రాగుటకు కూడా పోతున్నది. ఆ అంకెలను వచ్చే సంచికలో తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోను ప్రకటించుటకు విద్యార్థి మిత్రులు ముందుకు రాగలరని ఆశిస్తున్నాము.