మందు లేని సూది, మన్యం మోకాలు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో నడక అంటే ఎక్కడమూ దిగడమే. రోడ్డు చేరని గూడేల నుంచి రోగులనూ నిండు గర్భిణులనూ కర్రకు కట్టిన దుప్పటిలో పడుకోబెట్టి భుజాన మోసుకువచ్చే డోలీ మోతలు నేటికీ వార్తలకెక్కుతూనే ఉన్నాయి. ఇటువంటి దారుల్లో మోకాలికి ఎగుడు కంటే దిగుడే గడ్డు పరీక్ష. అడుగు కిందికి మోపిన ప్రతిసారీ తొడ ముందరి కండరాలు సాగుతూనే ఒంటి బరువును నిలవరించవలసి వస్తుంది గనుక, ఆ లాగుడంతా మోకాలి చిప్పను ముంగాలి ఎముకకు కలిపే స్నాయువు మీద, అనగా కండరపు బలాన్ని ఎముకకు చేరవేసే తాడు వంటి కణజాలం మీద పడుతుంది.

కోలుకునే వ్యవధి లేకుండా ఈ భారం నెలల తరబడి పడితే, స్నాయువుకు గట్టితనాన్నిచ్చే కొల్లాజెన్ పోగులు అమరిక తప్పి, చిప్ప కింది అంచును వేలితో నొక్కితే కలుక్కుమనే నొప్పి పాతుకుపోతుంది. వాలీబాల్ ఆటగాళ్లలో తరచుగా కనిపించే ఈ బాధకు వైద్యులు ‘జంపర్స్ నీ’ అని పేరుపెట్టారు.

ఈ నొప్పికి చేసే చికిత్సల్లో ఒకటి డ్రై నీడ్లింగ్, అంటే మందేదీ ఎక్కించకుండా సూదిపోటునే చికిత్సగా వాడడం. చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 1979లో ప్రచురించిన వ్యాసం కండరాల నొప్పుల విషయంలో ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది. స్నాయువుకైతే, అల్ట్రాసౌండ్ తెరపై చెడిన భాగాన్ని చూసుకుంటూ, అక్కడ సూదిని పలుమార్లు గుచ్చి తీస్తారు. ఆ చిన్న గాయాలతో, కొద్దిపాటి రక్తస్రావంతో, ఆగిపోయిన మరమ్మతు తిరిగి మొదలవుతుందని భావన. ఆధారాలు మాత్రం అంత ఉదారంగా లేవు. 2014లో అమెరికాలో 23 మందిపై వెలువడిన అధ్యయనంలో, రోగి రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం ఎక్కించినవారు 12 వారాలకు ముందంజలో ఉన్నా, 26 వారాలకు ఉత్త సూది పొందినవారితో తేడా మిగలలేదు. 2021లో స్పెయిన్ పరిశోధకులు వ్యాయామం చేస్తున్నవారికి అసలు సూదినీ ఉత్తుత్తి సూదినీ వాడి చూస్తే, అందరూ దాదాపు ఒకే తీరున కోలుకున్నారు.

కాబట్టి అసలు వైద్యం వ్యాయామమే, సూది దానికి తోడు మాత్రమే. దాదాపు 25 డిగ్రీల వాలు పలక మీద నిలిచి, ఒంటికాలితో మెల్లగా మోకాలు వంచే సాధనను మూడు నెలలు క్రమంగా పెంచుతూ పోవాలి. కొండ దిగుడులో మోకాలిని నొప్పించిన భారమే, మోతాదు తెలిసి ఇస్తే, దాన్ని బాగుచేస్తుందన్నమాట.

మన్యంలో ఇంకొక జాగ్రత్త అవసరం. గిరిజనుల్లో సికిల్ సెల్ రక్తవ్యాధి ఎక్కువ కనుక, దాని వల్ల వచ్చే కీళ్ల, ఎముకల నొప్పిని స్నాయువు నొప్పిగా పొరబడి సూది ఎత్తకముందే రక్తపరీక్ష చేయించడం మేలు.

స్వస్థలాల్లో ఒక్కరోజు వైద్య శిబిరాలు నడిపే ప్రవాస సంఘాలు, మోకాలి నొప్పుల విషయంలో ఆ ఖర్చుతో ఒక ఫిజియోథెరపిస్టును మూడు నెలలు అరకులో ఉంచగలిగితే ఎక్కువ ఉపకారం జరుగుతుంది.