బెత్తము దింపిన పిమ్మట

బాలుని బడిలో నొప్పగించుచు, "చర్మ మొలిచినను సరే, చదువు రావలయును" అని తండ్రులే పంతులుతో ననుట మన గ్రామములలో మే మెరుగుదుము. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ సెక్షనున శరీరదండనమును, మానసిక హింసను గూడ నిషేధించినది. బెత్తము దింపిన పిమ్మట నేమి చేయవలయునో యుపాధ్యాయుడే యాలోచింపవలసియున్నది.

పాఠ మప్పజెప్పలేని బాలుని ముందు విచారింపవలెను. ఉదయ మేమైన దినెనా? నల్లబల్లపై యక్షరములు కానవచ్చుచున్నవా? మొద్దని పేరుపడిన వానికి దృష్టిదోష ముండుట యరుదు గాదు. వానిని ముందు వరుసను గూర్చుండబెట్టి, యక్షరములు కనబడునా యని యడుగుటకు కాసైన వ్యయము లేదు. కంటివైద్యునకు జూపుటకు తలిదండ్రులకు గబురు పంపిన చాలును.

ఇక భాష. పర్లాకిమిడిలో నుపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు జదువు చెప్పబూని, ముందు తామే సవరభాష నేర్చిరి. ఆ భాషలోనే వాచకములు రచించిరి. (గ్రాంథికము విడువని మావంటివారిని వారి యాత్మ క్షమించుగాక!) సీతంపేట మన్యమున సవర బాలుడు తరగతిలో మౌనముగా నున్నచో, వాని నింటిమాటలో నొక్క ప్రశ్న యడిగి చూడుడు.

పత్తితీత దినములలో బడి మానిన పిల్లలను హాజరుపట్టీలో గైరుహాజరు వేసి యూరకుండరాదు. తప్పిన పాఠమును సాయంకాలము మరల జెప్పు పంతుళ్లు కలరు. మా పాఠకులలో భూస్వాములు పెక్కురు. బడియీడు పిల్లలను చేలకు కూలికి బిలువకుండుట వారి చేతిలోని పని.