డేటు దాటిన నిద్రమాత్ర.. పాతదని రెండేస్తే ముప్పే!

కోరమండల్: గూట్లో పాత బిస్కెట్ డబ్బా. దాంట్లో రెండు మాత్రలు మిగిలిన స్ట్రిప్పు, సగం కత్తిరించిన ఇంకో స్ట్రిప్పు, రబ్బరు బ్యాండు చుట్టిన డాక్టరు చీటీలు. పెద్దాయన పోయి రెండేళ్లయినా ఆయన మందులు మాత్రం అట్లే ఉంటాయి. రాత్రి పన్నెండు దాటినా నిద్ర పట్టకపోతే చెయ్యి ఆ డబ్బా మీదికే పోతుంది. ‘డేటు అయిపోయింది కదక్కా’ అని పక్కింటామె అంటే, ‘నాలుగు నెలలేలే.. పాతదయింది కాబట్టి పవర్ తగ్గుంటుంది, ఒకటి బదులు రెండు వేసుకుంటే సరి’ అని జవాబు.

కేజీఎఫ్ గని లైన్లలోనే కాదు, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లోనూ వినిపించే మాటే ఇది. ఇందులో సగం నిజముంది. డేటు దాటిన మరునాడే మాత్ర విషమైపోదు. ప్రమాదమంతా ఆ రెండో మాత్రలో ఉంది.

డేటు అంటే ఏంటి?

స్ట్రిప్పు మీద వేసే ఆఖరు తేదీ కంపెనీ ఇచ్చే పూచీ. చెప్పిన విధంగా దాచుకుంటే ఆ తేదీ వరకు మందు సత్తా తగ్గదని దాని అర్థం. నెల, సంవత్సరం మాత్రమే వేసి ఉంటే ఆ నెల చివరి రోజు దాకా లెక్క. తేదీ దాటిన మందును అమ్మడం, అమ్మకానికి పెట్టుకోవడం చట్టం ప్రకారం నేరం. ఇంట్లో దాచుకుంటే అడిగేవాళ్లుండరు. అక్కడే వస్తుంది తంటా.

సత్తా నిజంగా ఎంత తగ్గుతుంది? అమెరికా సైన్యం తన మందుల నిల్వలను పారేయలేక 1980ల్లోనే అక్కడి ఔషధ సంస్థతో పరీక్షలు మొదలుపెట్టించింది. 2006లో బయటపెట్టిన లెక్క ప్రకారం 122 రకాల మందుల్లో పరీక్షించిన బ్యాచులు నూటికి 88 తేదీ దాటాక కనీసం ఏడాది పనికొచ్చాయి. 2012లో కాలిఫోర్నియా పరిశోధకులు ఇంకా చిత్రమైన పని చేశారు. ఒక ఫార్మసీలో మూల పడి ఉన్న, తేదీ దాటి 28 నుంచి 40 ఏళ్లయిన 8 రకాల మందులను పరీక్షించారు. వాటిలో ఆ కాలపు నిద్రమందులూ ఉన్నాయి. పరీక్షకు అందిన 14 పదార్థాల్లో 12 తొంభై శాతానికి తగ్గకుండా ఉన్నాయి. నిద్రమందులేవీ సత్తా పోగొట్టుకోలేదు. బాగా తగ్గినవాటిలో ఒకటి మనకు తెలిసిన ఆస్పిరిన్.

అవి మూత విప్పని డబ్బాలన్నది మరువరాదు. ఇప్పుడు మనవాళ్లు వాడే అల్‌ప్రజోలం, క్లోనజెపాం వాటిలో లేవు. రేకుల ఇంట్లో, పొయ్యి పక్క గూట్లో, ఏప్రిల్ ఎండలో నానా తిప్పలు పడిన స్ట్రిప్పుకు ఆ లెక్క అట్లే వర్తించదు. చాలా మందుల మీద 30 డిగ్రీలు దాటని చోట, తేమ తగలకుండా ఉంచమనే రాసి ఉంటుంది. కాబట్టి ఇంట్లో పాత మాత్ర పూర్తి సత్తాతో ఉండొచ్చు, సగం పోయి ఉండొచ్చు. చూసి చెప్పే దారి లేదు. పూర్తి సత్తాతో ఉంటే ‘పాతదని’ వేసుకున్న రెండు మాత్రలు నిజంగా రెండు మాత్రలే!

గని ఊపిరితిత్తుల మీద దెబ్బ

ఈ ఊరికి దీంట్లో ఇంకో గండం ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా తరాల తరబడి ఇక్కడివాళ్లు రాతి దుమ్ము పీల్చారు. ఆ దుమ్ము తెచ్చే సిలికోసిస్ గని మానేసిన తర్వాత కూడా ముదురుతుంది. గనిలో ఆఖరుగా దిగినవాళ్లు కూడా ఇప్పుడు వయసు మళ్లుతున్నవాళ్లే. ఆయాసంతో పడుకోలేని మనిషికి నిద్ర పట్టదు. నిద్ర కోసం మాత్ర వేస్తాడు. డయజెపాం, అల్‌ప్రజోలం, నైట్రజెపాం, జోల్పిడెం వంటివన్నీ మెదడును మందగింపజేసేవే. వాటితో శ్వాస కూడా నెమ్మదిస్తుంది. గట్టి ఊపిరితిత్తులు తట్టుకుంటాయి. దుమ్ము తిన్నవి తట్టుకోకపోవచ్చు.

పైన ఒక పెగ్గు పడిందంటే ముప్పు రెట్టింపు కాదు, ఇంకా ఎక్కువ. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కొన్ని దగ్గు సిరప్పులు కూడా ఇదే వరుస. వయసు మీరిన ఒంట్లో డయజెపాం లాంటిది రోజుల తరబడి నిలిచిపోతుంది. తెల్లవారుజామున బయటికి పోవడానికి లేచి తూలి పడి తుంటి విరగ్గొట్టుకునే ముసలివాళ్ల వెనక ఇలాంటి మాత్ర ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు కాలుజారింది అనుకుంటారు.

ఇంకో సంగతి. డబ్బాలో ఉన్న మాత్ర ఎవరికి రాసింది? మూడేళ్ల క్రితం మొగుడికి రాసిన డోసు ఇప్పుడు పెళ్లానికి సరిపోతుందా? తనకే రాసిందైనా, రోజూ వాడిన కాలంలో ఒళ్లు అలవాటు పడి ఉంటుంది. మానేసి ఏడాదైతే ఆ అలవాటు పోయి ఉంటుంది. అప్పుడు మామూలు డోసే పెద్ద డోసు. తేదీ కంటే ముందు చూడాల్సింది ఇదే.

ఫిట్స్ ఉన్నవాళ్లది వేరే కథ

మూర్ఛ రోగులకు గార్డినాల్, క్లోబజాం, క్లోనజెపాం రాస్తారు. వీళ్లకు భయం అటువైపు నుంచి. మాత్ర సత్తా కొంచెం తగ్గినా ఫిట్స్ రావొచ్చు. డేటు దాటినది వీళ్లు అస్సలు వేసుకోరాదు. పిల్లలకు స్కాన్‌కు ముందు ఇచ్చే నిద్ర సిరప్పు కూడా అంతే. సీసా మూత తీశాక దానికి స్ట్రిప్పు మాత్రకున్న రక్షణ ఉండదు.

అలాగని నెలల తరబడి రోజూ వేసుకునేవాళ్లు ‘పాతదయింది’ అని ఒక్కసారిగా మానేయడమూ తప్పే. వణుకు, చెమటలు, నిద్రలేమి, ఫిట్స్ దాకా పోతుంది. 2015లో తెలంగాణలోని నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లుకు అడ్డుకట్ట వేయగానే వందల మంది పిచ్చి చేష్టలతో, ఫిట్స్‌తో ఆస్పత్రుల్లో చేరారు. ఆ కల్లులో కలిపింది ఈ జాతి మందులే. డాక్టరు డోసు మెల్లమెల్లగా తగ్గిస్తే తప్ప వదలవు.

దాచుకోవడం ఎందుకంటే..

జనాన్ని తప్పుపట్టి లాభం లేదు. 2014 మార్చి నుంచి అల్‌ప్రజోలం, డయజెపాం, నైట్రజెపాం, జోల్పిడెం ప్రత్యేక జాబితాలోకి వచ్చాయి. చీటీ లేనిదే ఇవ్వరాదు. కొన్నవాళ్ల పేరు, రాసిన డాక్టరు పేరు షాపులో రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు ఉంచాలి. మంచి కట్టడే. కానీ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్లకు చీటీ కోసం ఒక రోజు పోతే ఒక రోజు కూలీ పోయినట్టే. గని నడిచిన రోజుల్లో గని ఆస్పత్రి ఉండేది. ఇప్పుడు ఆ ఊతం లేదు. అందుకే మిగిలిన మాత్ర బంగారమవుతోంది.

దారులు లేకపోలేదు. టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2022లో మొదలైన ఈ సేవకు జాతీయ స్థాయిలో పెద్దదిక్కు బెంగళూరు నిమ్హాన్సే. కుప్పంలో రాయించుకున్న చీటీ ఇక్కడ చెల్లదేమోనన్న అనుమానం అక్కర్లేదు. రిజిస్టరైన డాక్టరు రాస్తే రాష్ట్రం మారినా చీటీ చీటీయే.

మాత్ర వేసుకున్న మనిషిని తట్టి లేపినా లేవకపోయినా, గురక తేడాగా వస్తున్నా, శ్వాస నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ అంటూ నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించకూడదు. ఖాళీ స్ట్రిప్పు మాత్రం ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మిగిలినవాటిని ఏం చేయాలి? కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో 17 మందుల పేర్లు చెప్పి, వాటిని చెత్తలో వేయకుండా టాయిలెట్లో వేసి నీళ్లు వదలమంది. వాటిలో డయజెపాం, ట్రమడాల్ ఉన్నాయి. ఆ జాబితాలో లేనివాటిని స్ట్రిప్పు నుంచి తీసి, వాడేసిన కాఫీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవర్లో గట్టిగా మూట కట్టి చెత్తకు వేయొచ్చు. పిల్లల చేతికీ, ఆవుల నోటికీ దొరకకుండా ఉంటుంది.

షాపులో నాలుగు మాత్రలే కొనేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తేదీ తరచూ స్ట్రిప్పులో ఒక చివరే ఉంటుంది. తేదీ లేని వైపు కత్తిరించి చేతికిస్తే ఇంటికొచ్చాక దాని వయసు ఎవరికీ తెలియదు. తేదీ రెండుంటాయి, ఒకటి తయారైంది, ఇంకోటి ఆఖరుది. రెండూ ఇంగ్లిషులోనే. చదవడం రానివాళ్లు ఆఖరు తేదీని కవరు మీద తెలుగులోనో కన్నడలోనో రాసిమ్మని షాపాయన్ను అడిగితే అర నిమిషం పని.